గురుహస్తం

ఆనందపురం పూల మార్కెట్లో బేరాలు జోరుగా సాగుతున్న వేళ, బంతిపూల గంపల మధ్య ఒక యువకుడు ఉన్నట్టుండి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

పేరు సాయిశంకర్. మధురవాడలోని తరంగ రోబోటిక్ సర్జరీ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. చెల్లెలి నిశ్చితార్థానికి పూలు కొందామని బైక్ మీద వచ్చాడు. అంతకు కాసేపటి ముందు జనంలో ఎవరో తగిలినట్టు, తొడ మీద చీమ కుట్టినట్టు అనిపించి వెనక్కి తిరిగి చూశాడు. లేత రంగు టోపీ కళ్ళ మీదికి లాక్కున్న పొడుగాటి విదేశీయుడు "సారీ" అని, గంపల మధ్య మర్యాదగా దారి చేసుకుంటూ హైవే వైపు వెళ్ళిపోయాడు.

పూలమ్మే ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్ళు చల్లారు.

"ఏటైంది బావూ? పొద్దున్న ఏటీ తిన్లేదేటి?" అని అడిగింది ఒకామె.

సాయిశంకర్ ఫోన్ తీసి ఒక నంబరుకి ఒక వీడియో పంపాడు. అది వెళ్ళిందో లేదో చూసుకునేలోపే ఫోన్ పూలల్లోకి జారిపోయింది.

గుండెపోటుతో పోయాడన్నారు ఆస్పత్రిలో. వీడియో మాత్రం చేరవలసిన చోటికి చేరింది.

*

విశాఖ పోర్టు దగ్గర బొగ్గు ధూళికి కిటికీ అద్దాలు నల్లబడిపోయిన పాత మేడ ఒకటుంది. కస్టమ్స్ క్లియరింగ్ ఏజెన్సీ అని బోర్డు. మేడ మీద కూర్చునేవాళ్ళు క్లియర్ చేసే సరుకు మాత్రం ఏ ఓడలోనూ రాదు.

ఏజెంట్ ఉమాశంకర్ లోపలికి వచ్చేసరికి చీఫ్ గంగాధరరావు టీవీ తెర ముందు నిలబడి ఉన్నాడు.

"కూర్చో. సాయిశంకర్ తొడ మీద సూది గుర్తు దొరికింది. గుండెపోటు కాదు. హెరాన్ రింగ్ పని."

హెరాన్ రింగ్. ఆ గూఢచారి ముఠా ఏ దేశం కోసం పనిచేస్తుందో అందరికీ తెలుసు, రుజువు చేయడమే ఎవరి వల్లా కాలేదు.

"ఆస్పత్రిలో వాళ్ళకేం పని సార్?"

"రోబో. సర్జన్ కన్సోల్ దగ్గర కూర్చుని చేతులు కదిలిస్తే పేషెంట్ కడుపులో రోబో చేతులు అలాగే కదులుతాయి. అంతవరకు పాతదే. తరంగవాళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళారు. సర్జన్ చేతికి మెషీన్ మార్కులు వేస్తుంది. పరికరం ఎంత దూరం తిరిగింది, ఎంత సాఫీగా కదిలింది, సూదిని ఎన్నిసార్లు తడుముకుంది, అన్నీ చూసి స్కిల్ స్కోరు ఇస్తుంది. మంచి చేతుల్ని చూసి నేర్చుకుని కుట్లు తనే వేస్తుంది కూడా. దాన్ని ఆటో మోడ్ అంటారు. సర్జన్ స్కోరు బాగా పడిపోతే పని తనే అందుకుంటుంది."

"నేర్చుకోడానికి దానికో గురువు కావాలి కదా."

"అదే గురుహస్తం. చాలామంది సర్జన్ల కదలికలు కలిపి సాయిశంకర్ దాన్ని తయారుచేశాడు. ఈమధ్య ఎవరో సిస్టంలోకి దూరి, అది తీసేసి, ఒకే ఒక్కరి చెయ్యి పెట్టారు. దాంతోపాటు ఇంకేం పెట్టారో మనకి తెలీదు. ఆ కుర్రాడు కనిపెట్టి మనకి ఫోన్ చేశాడు. చనిపోయే ముందు ఇది పంపాడు. చూడు."

తెర మీద రెండు సన్నటి లోహపు వేళ్ళు కనిపించాయి. వంపు తిరిగిన సూదిని ఒకటి పట్టుకుంది, రెండోది అందుకుంది. తొందర లేదు, తడబాటు లేదు. దారం బిగించే ముందు ఎడమ పరికరం ఒక్క క్షణం ఆగింది. వేడి టీ తాగబోతూ ఊదడానికి ఆగినట్టు. ఆ తర్వాతే ముడి పడింది.

ఆ ఆగడం ఉమాశంకర్‌కి తెలుసు. తన చొక్కాకి ఊడిన గుండీ కుడుతూ కూడా ఆమె సరిగ్గా అలాగే ఆగేది.

"రెండేళ్ళుగా ఆ ఆస్పత్రి మీద కన్నేసింది నువ్వే," అన్నాడు చీఫ్. "ఎవరి చెయ్యో చెప్పగలవా?"

"లేదు సార్."

ఉమాశంకర్ తన సర్వీసులో శత్రువులకు లెక్కలేనన్ని అబద్ధాలు చెప్పాడు. చీఫ్‌తో చెప్పడం అదే మొదటిసారి.

గంగాధరరావు అతని వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు. "సరే. ఇప్పుడే బయల్దేరు. హైదరాబాద్ నుంచి వచ్చిన సర్వీస్ ఇంజనీర్‌వి. లోపల మన సోర్స్ సంపెంగ ఉంది కదా, కలుసుకో. మేం వెనకాల ఉంటాం."

సంపెంగ అన్నది డాక్టర్ రోజారమణికి డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్‌నేమ్. తరంగకి వచ్చే విదేశీ కన్సల్టెంట్ల మీద ఆమె రెండేళ్ళుగా రిపోర్టులు ఇస్తోంది. ఆ రిపోర్టులు తీసుకోవడానికి వెళ్ళి వెళ్ళి ఉమాశంకర్ ఆమెని ప్రేమించాడు. ఆమె కూడా ప్రేమించింది. డిపార్ట్‌మెంట్ రూల్స్‌లో దానికి చోటు లేదు. పెళ్ళి చేసుకోవాలంటే పర్మిషన్ అడగాలి. ఆ మాట అడగడానికే అతను చాలా ఆలస్యం చేశాడు.

*

తరంగ లాబీలో ఏసీ చలి పుట్టిస్తోంది. ఉమాశంకర్ చేతిలో తోలు టూల్‌కిట్, కళ్ళజోడు ఫ్రేములో కెమెరా, చెవిలో కనిపించని ఇయర్‌పీస్. ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద ఒక పెద్దావిడ ఒక్కతే కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. అతని మెడలో ఐడీ కార్డు చూసి పిలిచింది.

"ఓ బావూ, ఇటు సూడు. లోపల మిసనే కోసేత్తాదంట, నిజవేనా?"

"డాక్టర్ గారే చేస్తారమ్మా. మిషన్ సాయం చేస్తాది, అంతే. ఎవరికి ఆపరేషన్?"

"మా మావకి, నా పెనివిటికి. అర్జునరావని. కిడ్నీలో గడ్డ. ఆ ముక్క మట్టుకు తీసేసి మిగతాది కుట్టేత్తారంట." ఆమె గొంతు తగ్గించింది. "నాను పాపాయమ్మని. మాది సేపలోళ్ళ ఊరే. ఆయన సదూకుని పెద్ద పన్లోకెళ్ళిపోనాడు. ఇంటికాడ ఉండడు. ఏటి సేత్తన్నావయ్యా అంటే, నీళ్ళ కింద సప్పుడు ఇంటన్నానే అంటాడు. సప్పుడు ఇని ఏ దేశం పడవో సెప్పేత్తాడంట. నేవీవోళ్ళు కారెట్టి తీసుకెళ్తారు, కారెట్టి దింపుతారు."

ఆ పేరు ఉమాశంకర్ ఫైళ్ళలో చూశాడు. జలాంతర్గాములను వాటి చప్పుడుతో పసిగట్టే పద్ధతిని ఈ తీరానికి తయారుచేసి పెట్టిన శాస్త్రవేత్త. అలాంటి మనిషి ఇప్పుడు మత్తులో, ఎవరో చెయ్యి పెట్టిన మెషీన్ కింద ఉన్నాడు.

"బయపడకమ్మా. నాను సూత్తాను," అన్నాడు.

"ఐద్రాబాదోడివని రాసుంది. మాట మనదేనే," అంది పాపాయమ్మ, ఆ పరిస్థితిలోనూ చిన్నగా నవ్వి.

అతను పక్కకి వచ్చి ఇయర్‌పీస్‌లో మెల్లగా చెప్పాడు. "సార్, డేటా దొంగతనం కాదనిపిస్తోంది. టార్గెట్ టేబుల్ మీద ఉంది. సోనార్ అర్జునరావు."

చీఫ్ వెంటనే అన్నాడు. "బలగాన్ని పంపిస్తున్నా. నువ్వు మెషీన్ ఆపించు."

*

థియేటర్‌ని ఆనుకునే స్కిల్ అసెస్‌మెంట్ ల్యాబ్. గోడంత తెర మీద లోపల జరుగుతున్న ఆపరేషన్ లైవ్‌లో వస్తోంది. ఒక మూల శిక్షణ కోసం పెట్టిన రెండో కన్సోల్. గది మధ్యలో బల్ల వెనక డాక్టర్ రోజారమణి.

ఉక్కు రంగు చీర, మెడ దాకా కత్తిరించిన జుట్టు. ఆమె లిఫ్ట్‌లోకి వస్తే మాట్లాడుకుంటున్న వాళ్ళు మాటలు ఆపేస్తారని ఆస్పత్రిలో చెప్పుకుంటారు. ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. తండ్రి భీమవరం దగ్గర్నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చి, షిఫ్టులు చేసి చదివించాడు. ఇక్కడ ఇంతకాలం ఆమెకి మించిన సర్జన్ లేరు.

ఆమె పక్కనున్న అసిస్టెంట్ వినేలా ఉమాశంకర్ అన్నాడు. "చందనోత్సవానికి పాసులు దొరికాయా డాక్టర్?"

"దొరికాయి. కానీ మెట్లెక్కి రావాలి," అందామె. కోడ్ సరిపోయింది. అసిస్టెంట్‌ని ఏదో పని మీద బయటికి పంపి తలుపు వేసింది. "ఏంటి ఉమా, ఇంత హఠాత్తుగా?"

"లోపల ఆపరేషన్ ఆపాలి. ఇప్పుడే."

"ఆపడానికి లేదు. ధమనికి క్లిప్పు పెట్టేశారు, గడ్డ తీసేశారు. రక్తం అందని కిడ్నీ ఎక్కువసేపు బతకదు. అనూరాధ కుట్లు మొదలుపెట్టింది. ఎందుకాపాలి?"

"గురుహస్తాన్ని మార్చేశారు. అందుకే సాయిశంకర్‌ని చంపేశారు."

"గుండెపోటన్నారు."

"కాదు. విషపు సూది." అతను బల్ల మీదికి వంగాడు. "నీ చేతులు పైన పెట్టు రమణీ."

ఆమె కదల్లేదు. తర్వాత నెమ్మదిగా రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. ఎడమ చెయ్యి కుడి మణికట్టుని గట్టిగా పట్టుకుని ఉంది. అది వదలగానే కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కనిపించని గింజనేదో నలుపుతున్నట్టు వాటంతటవే ఆడటం మొదలుపెట్టాయి.

"ఎప్పట్నుంచి?"

"యారాడ బీచ్‌లో టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటే చలికనుకుని నీ షాలు కప్పావు చూడు. అప్పట్నుంచి." ఆమె గొంతులో తేడా లేదు. "పార్కిన్సన్స్. నాకంటే ముందు మెషీనే పట్టుకుంది. నెలనెలా స్కోరు తగ్గుతూ వచ్చింది. బోర్డువాళ్ళు చాలా మర్యాదగా, ఇకమీద మిగతావాళ్ళకి మార్కులు మీరు చూసుకోండి డాక్టర్ అన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ కళ్ళల్లో జాలి చూడాలి. మెషీన్ అయితే మార్కులేసి ఊరుకుంటుంది."

పరాయి మనిషి జేబులో చెయ్యి పెట్టిన తీరు చూసి ఉమాశంకర్ తుపాకీ ఉందో లేదో చెప్పగలడు. ఇన్నాళ్ళు తన చేతిలో ఉన్న చెయ్యి సంగతి అతనికి తెలియలేదు.

"లాగిన్ ఎవరికిచ్చావు?"

"లీమన్‌కి. విక్టర్ లీమన్, ట్రైనింగ్ కన్సల్టెంట్. నా పాత ఆపరేషన్లు చూపించి, ఇలాంటి చెయ్యి పోకూడదు అన్నాడు. సాయిశంకర్ నా చేతిని అందరి చేతుల్తో కలిపి సగటు తీశాడు ఉమా. సగటు. లీమన్ దాన్ని విడిగా, ఉన్నదున్నట్టు ఉంచుతానన్నాడు. నేను పోయినా నా చెయ్యి కుడుతూనే ఉంటుందన్నాడు. నేనిచ్చింది ఒక్క లాగిన్."

"వాడు హెరాన్ మనిషని తెలుసా?"

"అనుమానం వచ్చింది. వాడి గురించి నీకు అన్నీ రిపోర్ట్ చేశాను, ఇదొక్కటి తప్ప." ఆమె తల దించుకుంది. "సాయిశంకర్ వార్త విన్నాక గుండెపోటన్న మాటని గట్టిగా పట్టుకు కూర్చున్నాను."

గోడ మీది తెర బీప్ మంది.

ఇద్దరూ తలెత్తారు. తెర మూలన సర్జన్ అనూరాధ స్కోరు దిగుతోంది. అంకెలు పచ్చ నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి మారాయి.

రోజారమణి లేచి నిలబడింది. "అబద్ధం. అనూరాధ చెయ్యి బాగానే ఉంది. మెషీన్ అబద్ధం చెబుతోంది."

ఆటో మోడ్ ఆన్ అయింది. స్పీకర్లో అనూరాధ గొంతు వినిపించింది. "కంట్రోల్ పోయింది. స్టాప్ బటన్ పని చెయ్యట్లేదు. ల్యాబ్, వింటున్నారా?"

తెర మీద సూది సాఫీగా కదిలింది. కుట్టు వేసింది. దారం బిగించే ముందు ఒక్క క్షణం ఆగింది. రోజారమణి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. లోపల కుడుతున్నది తన చెయ్యే. ఆరోగ్యంగా ఉన్నప్పటి చెయ్యి. అది తర్వాతి కుట్టుకి కిడ్నీని వదిలేసి, పక్కనున్న పెద్ద ధమని వైపు తిరిగింది.

"అనూరాధా, చేతులతో లాగొద్దు. ప్లగ్ తీసినా బ్యాటరీ ఉంది. లాగితే ధమని గోడ చీలిపోతుంది," అంటూ రెండో కన్సోల్ వైపు పరిగెత్తింది రోజారమణి. "ఉమా, గ్యాలరీలో లీమన్ ఉంటాడు. వాడి చేతిలో ట్యాబ్ ఉంటే లాక్కో."

*

అబ్జర్వేషన్ గ్యాలరీలో విక్టర్ లీమన్ ఒక్కడే ఉన్నాడు. లేత రంగు టోపీ కుర్చీ మీద పెట్టి, అద్దంలోంచి థియేటర్‌లోకి చూస్తున్నాడు. ఒళ్ళో ట్యాబ్.

ఉమాశంకర్ టూల్‌కిట్‌లోని జామర్ నొక్కాడు. ట్యాబ్ తెర నల్లబడింది. లీమన్ చిరాకేమీ లేకుండా తలెత్తి, జేబులోంచి పెన్ను తీశాడు. దాని మొనలో సన్నటి సూది మెరిసింది.

"పూల మార్కెట్లో కూడా ఇదేనా?" అన్నాడు ఉమాశంకర్.

లీమన్ అతని మీదికి దూకాడు. ఉమాశంకర్ టూల్‌కిట్ అడ్డం పెట్టాడు. సూది తోలులో దిగి విరిగింది. మోకాలితో డొక్కలో ఒకటి, మోచేత్తో దవడ మీద ఒకటి. లీమన్ రెయిలింగ్ మీద పడ్డాడు. ఉమాశంకర్ బేడీలు తీసి అతని చేతిని రెయిలింగ్‌కి బిగించాడు.

"ఆపు దాన్ని."

"నేనాపలేను," అన్నాడు లీమన్, పెదవి మీద రక్తం తుడుచుకుంటూ, చక్కటి ఇంగ్లీషులో. "అది ఇప్పుడు నా మాట కూడా వినదు. ఒక్క చేతి మాటే వింటుంది. ఆ చెయ్యి నెలల కిందటే పాడైపోయింది. రేపు పేపర్లో మెషీన్ పొరపాటు అని వస్తుంది. లేదా ఆ సర్జన్ పొరపాటు అని. మాకు రెండూ సమ్మతమే."

ఉమాశంకర్ అప్పటికే వెనక్కి పరిగెడుతున్నాడు.

*

కన్సోల్ దగ్గర రోజారమణి కళ్ళు అద్దాలకి ఆనించి కూర్చుంది. లాగిన్ తెర మీద, పాస్‌వర్డ్ అడగాల్సిన చోట ఇప్పుడు వరుసగా రింగులు. వాటిలోంచి సూదిని దూర్చాలి. ఆ కదలికే తాళం చెవి. ఆమె కుడిచెయ్యి సూదిని రింగు దాకా తీసుకెళ్ళి అక్కడ కొట్టుకుంటోంది.

గుర్తించబడలేదు.

"మళ్ళీ ప్రయత్నించు," అన్నాడు ఉమాశంకర్.

"ఎన్నిసార్లయినా ఇంతే. అది నన్ను మర్చిపోయింది." మొదటిసారి ఆమె గొంతు జీరబోయింది. "నేనెవర్నో దానికి తెలీదు ఉమా. ఆ లోపలున్నదే నేననుకుంటోంది."

పక్క తెర మీద సూది ధమనికి చేరువైంది. బయట బెంచీ మీద ఒకావిడ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుని ఉంది. ఉమాశంకర్ కన్సోల్ పక్కన నేల మీద మోకరిల్లి, ఆమె ముంజేతి కింద తన చేతులు పెట్టాడు.

"ఇలా పట్టుకోనా?"

"బిగించకు. నిద్రపోయే పిల్లని పట్టుకున్నట్టు పట్టుకో. పని మొదలైతే వణుకు కాస్త తగ్గుతుంది. ఆ మొదలే కష్టం."

వణుకు అతని అరచేతుల్లోకి దిగింది. గూట్లో పిట్ట కొట్టుకుంటున్నట్టు ఉంది. ఇన్నాళ్ళు ఆమె ఒంటరిగా మోసింది ఇదన్నమాట. అతను ఊపిరి బిగబట్టి, ఆ కదలికతో పాటే చేతుల్ని ఆడనిచ్చాడు. మెల్లగా, ఏదో బరువు సగం పంచుకున్నట్టు, అది నెమ్మదించింది.

సూది మొదటి రింగులోంచి దూరింది. తర్వాతి దాంట్లోంచి కూడా. ఆఖరి రింగు దగ్గర ఆమె తెలియకుండానే ఒక్క క్షణం ఆగింది. అప్పుడు దారం లాగింది.

డాక్టర్ రోజారమణి. గుర్తించబడింది.

థియేటర్‌లో సూదిమొన ధమని గోడని తాకి నిలిచిపోయింది. ఎర్రటి చుక్క ఒకటి ఉబ్బి, కారకుండా అక్కడే ఆగింది.

ఆమె సూదిని వచ్చిన దారినే వెనక్కి తీసింది. "అనూరాధా, నీ కన్సోల్ ఇంకా లాక్‌లోనే ఉంది. మిగతా కుట్లు నేనే వేస్తాను. టేబుల్ దగ్గరికెళ్ళి సక్షన్ చూసుకో."

"మేడమ్, మీరు వేయగలరా?"

"తెలీదు. చూద్దాం."

ఆమె కుట్టింది. ఒకప్పటి ఒడుపు లేదు. ఒక్కో కుట్టుకీ సూదిని సరిచేసుకోవలసి వచ్చింది. తెర మూలన స్కోరు పడిపోతూ ఉంది. గుర్తించిన చేతి నుంచి మాత్రం మెషీన్ పని లాక్కోలేదు.

"ఆ అంకె కనపడకుండా ఏదైనా అడ్డం పెట్టు," అంది. ఉమాశంకర్ ఒక చేత్తో మెడలోని ఐడీ కార్డు తీసి తెర అంచుకి తగిలించాడు. రెండో చెయ్యి ఆమె ముంజేతి కిందే ఉంది.

"క్లిప్పు తియ్యి," అంది చివరికి.

అనూరాధ తీసింది. నల్లగా కమిలిన కిడ్నీ నెమ్మదిగా గులాబీ రంగుకి తిరిగింది. కుట్ల దగ్గర చుక్క రక్తం కారలేదు. స్పీకర్లో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

రోజారమణి కళ్ళు అద్దాల నుంచి తీసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పని ఆగగానే కుడిచెయ్యి మళ్ళీ మొదలుపెట్టింది.

*

తలుపు దగ్గర చీఫ్ గంగాధరరావు నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలీదు. వెనక ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు.

"లీమన్‌ని కిందికి దించారు," అన్నాడు. "మెషీన్‌లోని కోడ్ మన చేతికొచ్చింది. వేరే ఆస్పత్రులకి పాకకముందే దొరికింది. మంచి పని చేశావు."

"సార్, ఆ వీడియో గురించి నేను..."

"పోర్టు ఆఫీసులో నీ మొహం చూసినప్పుడే తెలిసింది. అందుకే నిన్ను పంపాను. ఇంకెవరు వచ్చినా ఆమె నోరు విప్పేది కాదు." ఆయన జేబులోంచి బేడీలు తీసి ఉమాశంకర్ చేతికిచ్చాడు. గొంతులో కటువు లేదు. "ఇవాళ ఒక ప్రాణం కాపాడిందని కోర్టులో నేనే చెబుతాను. అయినా ఒకడు చచ్చిపోయాడు. నువ్వు వేస్తావా, వాళ్ళని వెయ్యమనా?"

రోజారమణి అప్పటికే చేతులు చాపింది.

ఉమాశంకర్ బేడీలు వేశాడు. వేసిన మరుక్షణం నుంచి అవి గలగలమనడం మొదలుపెట్టాయి. ఆగమంటే ఆగే చప్పుడు కాదది. ఆమె సిగ్గుతో రెండు చేతులూ పొట్టకి అదుముకుంది. అతను జేబురుమాలు తీసి, గొలుసుకీ మణికట్టుకీ మధ్య దోపి, చుట్టూ తిప్పి ముడి వేశాడు. చప్పుడు ఆగింది.

"ముడి వెయ్యడం నీకు రాదు," అంది ఆమె.

"నేర్పలేదుగా."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. "మన పెళ్ళికి పర్మిషన్ అడుగుతానన్నావు. అడిగావా?"

"పోయిన నెల అడిగాను. ఇంకా జవాబు రాలేదు."

"రాకపోవడమే నీకు మంచిది ఉమా."

ఆమెని వెనక మెట్ల మీదుగా తీసుకెళ్ళారు. కిటికీలోంచి చూస్తే మధురవాడ రోడ్డు మీద ఆఫీసులు వదిలిన జనం, బైకులు, క్యాబులు. వాటి మధ్య ఒక మామూలు తెల్ల కారు సిగ్నల్ దగ్గర ఆగి, కదిలి, కనపడకుండా పోయింది. ఉమాశంకర్ తన అరచేతులకేసి చూసుకున్నాడు. లోపల ఇంకా ఏదో అదురుతున్నట్టే ఉంది. అది తనదో ఆమెదో తెలియలేదు.

*

ఆపరేషన్ మామూలుగా జరిగిందని, మెషీన్‌కి మెయింటెనెన్స్ కోసం కొన్నాళ్ళు సెలవు అని తరంగ ప్రకటించింది. అర్జునరావుకి కూడా అంతకుమించి చెప్పొద్దని చీఫ్ ఆర్డర్.

డిశ్చార్జి రోజున ఉమాశంకర్ సర్వీస్ ఇంజనీర్ వేషంలోనే ఆయన గదికి వెళ్ళాడు. వెళ్ళవలసిన పనేమీ లేదు. మనిషిని ఒకసారి కళ్ళారా చూడాలనిపించింది.

అర్జునరావు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నల్లటి పలచని మనిషి. మాట్లాడేటప్పుడు తల ఒక పక్కకి వాల్చి, ఎదుటివాడి మాట వెనక ఇంకేదో వింటున్నట్టు ఉంటాడు.

"మీరేనా మెషీన్ మనిషి? రండి, కూర్చోండి. డాక్టర్లు లోపల తీసిన ఫొటో చూపించారు. ఎంత చక్కటి కుట్లండీ. మనిషి చేత్తో ఇంత బాగా వస్తాదంటే నేను నమ్మను."

ఉమాశంకర్ మొహం తిప్పుకున్నాడు. "అవునండీ," అన్నాడు. "రాదండీ."

"ఏటి బావూ, నీ మొకవేటి అలగైపోనాది?" పాపాయమ్మ మంచం పక్కనుంచి లేచింది. "నిద్దర్లేదేటి?"

"ఏం లేదమ్మా. పని ఎక్కువైంది."

ఆమె సంచిలో వెతికి, కాగితంలో కట్టిన పొట్లం తీసింది. ఎండు నెత్తళ్ళ చేపవాసన గదంతా కమ్మింది.

"నువ్వు సూత్తానన్నావు, సూసేవు. ఆ మిసన్‌కి ఏటైనా పెట్టుకోవాలని మొక్కుకున్నాను," అంటూ అతని చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "అదెలాగూ తినదు గదా. దాని బదులు నువ్వు తినీ."

మెషీన్ తరఫున ఉమాశంకర్ రెండు చేతులా పొట్లం అందుకున్నాడు.